పక్కగుడిసె వరస

కొండమ్మ మొదటి మొగుణ్ణి వదిలేసింది చేపల పులుసు దగ్గర. తాగొచ్చి కొట్టాడనో, ఇంకోదాని గుడిసెలో దొరికాడనో వదిలేస్తే నలుగురూ అయ్యో అనేవాళ్ళు. వీరాస్వామికి ఆ రెండు ఘనతలూ లేవు. పొద్దస్తమానం ఏట్లో ఊతబుట్ట వేసి, దొరికిన జెల్లచేపల్ని తెచ్చి పెళ్ళాం ముందు కుమ్మరించే మనిషి. ఆ రోజు మాత్రం పులుసులో వేలు ముంచి నాకి, గుడిసె కప్పు వంక చూసి, "మా అమ్మయితేనా..." అన్నాడు.

ఆ అమ్మ అయితే ఏం చేసేదో ఎవరికీ తెలియకుండానే పోయింది. కొండమ్మ దాకెడు పులుసూ కుక్కకి పోసింది. కుక్క ఏ వంకా పెట్టలేదు. తర్వాత వల భుజాన వేసుకుని, ఖాళీ దాక నెత్తిన బోర్లించుకుని, ఏరు దాటి అవతలి దిబ్బ మీదికి పోయింది. కుక్క కూడా ఆవిడ వెనకే ఈదింది. తీర్పు చెప్పమని వీరాస్వామి వెళ్ళి కులపెద్ద చిన్నయ్యని అడిగితే, "ఏరు దాటిందిగా, ఇంకేం తీర్పురా? కుక్క కూడా దాటిందంటన్నావ్," అన్నాడు ఆయన. అది ఎనభై రెండో ఎనభై మూడో.

రేపల్లెకి దక్షిణాన, కృష్ణ నీళ్ళకి సముద్రం ఉప్పు తగిలే చోట, ఏరు పాయలు పాయలుగా చీలిపోయి మధ్యలో ఇసకదిబ్బలూ మడచెట్లూ మిగులుతాయి. కొండమ్మ వాళ్ళు యానాదులు. ఆ దిబ్బల మీద ఇక్కడ రెండు గుడిసెలు, అక్కడ మూడు గుడిసెలుగా ఉండేవాళ్ళు. ఊరందామంటే వీధి లేదు, అడవందామంటే పొయ్యిలున్నాయి. గుడిసెకీ గుడిసెకీ ఎంత దూరం ఉండాలన్నదానికి మాత్రం వాళ్ళకో కొలత ఉంది. పక్కవాడి పొగ కనపడాలి, తిట్లు వినపడకూడదు. పొగ కనపడకపోతే, ఎవరో మంచాన పడ్డారని వెళ్ళి చూసేవాళ్ళు. తిట్లు వినపడితే, గుడిసె పీక్కుని ఇంకో దిబ్బకి పోయేవాళ్ళు. నాలుగు గుంజలు, కాసిని తాటాకులు, ఒక దాక. పొద్దున పీకితే పొద్దుగూకేలోగా ఇంకోచోట పొయ్యి రాజుకునేది. పైన డెల్టాలో పెద్ద పెద్ద కమతాలవాళ్ళు గుంటూరు కోర్టు చుట్టూ తండ్రి తర్వాత కొడుకు తిరిగే తగువుల్ని, వీళ్ళు నెత్తిన పెట్టుకుని అవతలికి నడిచిపోయి తేల్చేసేవాళ్ళు.

కొండమ్మ రెండో మొగుడు చెంచురామయ్య. ఈసారి ఆవిడ తొందరపడలేదు. ఆయన్ని పిలిచి పులుసు పెట్టి, తిన్నంతసేపూ మొహం వంకే చూసింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, "ఔను," అన్నాడు. దేనికి ఔనన్నాడో అర్థం కాలేదుగానీ, కాదనలేదు కదా అని కొండమ్మ ఒప్పుకుంది. తర్వాత తెలిసింది, ఆయన ఎవరేమన్నా ఔననే రకమని. వానొచ్చేట్టుందంటే ఔను, రాదంటే ఔను. వరికోతలయ్యాక మోతుబరి శేషగిరిరావు కబురంపి, "చెంచురామయ్యా, గట్లన్నీ ఎలుకలు తోడేశాయి, నువ్వూ నీ పెళ్ళామూ వచ్చి పట్టాలి," అంటే, ఔను. మొగుడూ పెళ్ళాం పొగకుండ పట్టుకుని వెళ్ళి, బొరియల్లోకి పొగ ఊది ఎలుకల్ని పట్టేవాళ్ళు. బొరియల్లో ఎలుకలు దాచుకున్న వడ్లు వీళ్ళవి. గట్టు శేషగిరిరావుది. ఎలుకల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

వీళ్ళందర్నీ ఒక్కచోటికి చేర్చాలని చాలామందే చెమటోడ్చారు. లూథరన్ చర్చి వాళ్ళు ఆదివారాలు రమ్మన్నారు. వీళ్ళు ఆదివారం ఏదో తెలియక క్రిస్మస్‌కి వెళ్ళారు, కేకు బాగుందన్నారు, మళ్ళీ క్రిస్మస్‌కే కనపడ్డారు. తొంభై మే నెలలో వచ్చిన తుఫాను ఒక్క గుడిసె మిగల్చకుండా ఊడ్చేసి, మనుషుల్ని రేపల్లె బడి వరండాలో పడేసింది. నీళ్ళు తీసీ తీయగానే ఎవరి దిబ్బకి వాళ్ళు పోయారు. ఆ వెనకే ఒక ఆఫీసరు పడవలో వచ్చి, అందరూ ఒకేచోట ఉంటానంటే పక్కా ఇళ్ళు కట్టిస్తామన్నాడు.

"పక్కా ఇల్లంటే ఏంటండి?" అనడిగింది కొండమ్మ.

"సిమెంటుతో కడతాం. గాలొచ్చినా కదలదు."

"మరి మా ఆయనకీ నాకూ తగువొస్తే ఎట్టా కదిలిద్దండి?"

ఆఫీసరు పడవ తిప్పించుకుని వెళ్ళిపోయాడు. చెంచురామయ్య ఒడ్డున నిలబడి ఆయనకీ ఔననే అన్నాడు.

సర్కారు వల్లా, దేవుడి వల్లా, తుఫాను వల్లా కాని పని చివరికి వెంట్రుకంత రొయ్యపిల్ల చేసింది.

తొంభై ఒకటిలో తెనాలి నుంచి ప్రకాశరావు వచ్చాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో నాలుగడుగులు వేసి ఐదో అడుగుకి నడుం దాకా దిగబడ్డాడు. అంతకు ముందు తెనాలి మార్కెట్టులో పసుపు వ్యాపారం చేసేవాడట. బురద అలవాటు లేదు. కొండమ్మా చెంచురామయ్యా చెరో చెయ్యి పట్టి పైకి లాగారు. మనిషొచ్చాడు, ఒక చెప్పు రాలేదు. ఆయన ఆ చెప్పు సంగతి కూడా పట్టించుకోకుండా, జేబులోంచి మూత బిగించిన గాజుసీసా తీసి ఎండకి పట్టి చూపించాడు. అందులో ఎర్రటి నూలుపోగు లాంటిది తుళ్ళుతోంది.

"ఇది కావాలమ్మా నాకు. టైగర్ రొయ్య పిల్ల. మీ ఏట్లో కొల్లలు."

కొండమ్మ కళ్ళు చిట్లించి చూసింది. "ఇది తింటే ఎవుడి కడుపు నిండుద్దయ్యా?"

"తినరమ్మా. చెరువులో పోసి పెంచుతారు."

"పెంచుకోటానికి ఆళ్ళకి పిల్లల్లేరా?"

ఉన్నారుగానీ రొయ్య పెరిగినంత తొందరగా పెరగడంలేదని ప్రకాశరావు నవ్వాడు. నిజానికి అప్పుడు డెల్టా అంతటికీ రొయ్య పిచ్చి పట్టి ఉంది. రేపల్లె టీకొట్ల దగ్గర వరి మాట ఎత్తిన వాణ్ణి పాతకాలం మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు. శేషగిరిరావు అంతటివాడు కూడా వరిచేను తవ్వించి చెరువు కట్టి, అది చాలక ఏటి వైపు దిబ్బల్ని కూడా కౌలుకు తీసుకుని గట్లు పోయిస్తున్నాడు. ఆ చెరువులన్నిటికీ పిల్ల కావాలి. పిల్ల ఏట్లో ఉంది. ఏట్లో దిగడం వచ్చినవాళ్ళు వీళ్ళే.

ఆడవాళ్ళు దోమతెర గుడ్డతో వలలు కుట్టి, పోటు వేళకి మొలలోతు నీళ్ళలో ఈడ్చుకుంటూ పోయేవాళ్ళు. ఒడ్డున తెల్ల బేసిన్లలో నీళ్ళు పోసి, ఆల్చిప్పతో టైగర్ పిల్లని ఏరి వేరే పెట్టేవాళ్ళు. మిగతా చేపపిల్లా, పీతపిల్లా, అన్నిటినీ ఒడ్డున కుమ్మరించేవాళ్ళు. కాకులకి ఆ రోజులు మళ్ళీ రాలేదు. తంటా ఎక్కడ వచ్చిందంటే, పిల్లని ప్రాణంతో వ్యానుకి చేర్చాలి. వ్యాను రోడ్డు చివరిదాకా వస్తుంది, అక్కణ్ణుంచి దిబ్బలకి రాలేదు. వీళ్ళు కుండల్లో మోసుకుంటూ పాయలు దాటి చేరేసరికి సగం పిల్ల తేలిపోయేది.

ఒకనాడు ప్రకాశరావు రోడ్డు చివర కాలవ గట్టు మీద అందర్నీ కూర్చోబెట్టాడు. "మీరు అక్కడా, వ్యాను ఇక్కడా ఉంటే పిల్ల మధ్యలో చస్తోంది. వ్యాను అక్కడికి రాలేదు. కాబట్టి మీరే ఇక్కడికి రండి. తాటాకు నాది, వెదుళ్ళు నావి. గుడిసెలు నేనే వేయిస్తా. పంపు కూడా వేయిస్తా. ఏమంటారు?"

ఎవరూ ఏమీ అనకముందే చెంచురామయ్య, "ఔను," అన్నాడు. జన్మలో మొదటిసారి ఆయన మాట నలుగురూ విన్నారు.

ఆ సమయానికి కొండమ్మ అక్కడ లేదు. బాపట్ల దగ్గర చెల్లెలికి పురుడొస్తే పోయింది. తిరిగొచ్చేసరికి గట్టు మీద ముగ్గుపిండితో గీత గీసి, గీత వెంబడి గుడిసెలన్నీ రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉన్నాయి. ముందొచ్చిన వాళ్ళు ముందు గుడిసెలు తీసుకున్నారు. చెంచురామయ్య అందరికీ ఔనంటూ వెనక్కి జరిగీ జరిగీ, మిగిలిన ఒక్కదాని ముందు కుక్కతో సహా నిలబడ్డాడు.

"పక్కదెవరిది?" అంది కొండమ్మ.

చెంచురామయ్య మొదటిసారి ఔననకుండా గొంతు సవరించుకున్నాడు. ఈలోగా పక్కగుడిసెలోంచి వీరాస్వామి తల బయటపెట్టి, "వొచ్చావా కొండమ్మా, చెల్లికేం పుట్టింది?" అన్నాడు.

ఇంకా ఘోరం లోపల తెలిసింది. తాటాకు కలిసొస్తుందని ప్రకాశరావు రెండేసి గుడిసెలకి మధ్య ఒకే తడిక కట్టించాడు. ఏరు అడ్డం పెట్టుకుని తొమ్మిదేళ్ళు హాయిగా ఉన్న మాజీ మొగుడు ఇప్పుడు ఒక్క ఆకు అవతల ఉన్నాడు. వాడు దగ్గితే ఈవిడ ఉట్టి కదిలేది. మధ్యాహ్నం ఈవిడ పులుసు దించగానే అవతలనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెనకే "చింతపండు ఎక్కువైనట్టుందే," అన్న మాట.

"నీ ముక్కు నీ గుడిసెలో పెట్టుకో!"

"నా గుడిసెలోనే ఉంది. నీ వాసనే వొచ్చింది."

మునుపైతే అదే పూట గుడిసె పీకేది. ఇప్పుడు పీకితే ఎక్కడ పెట్టాలి? ప్రకాశరావు దగ్గరికి వెళ్ళి, నన్ను చివరికి మార్చయ్యా అంది. "వరస చెడిపోద్దమ్మా," అన్నాడాయన. "నిన్ను మారిస్తే రేపు అందరూ మారతానంటారు."

"నా వరస చెడే నీ దగ్గరికొచ్చాను బాబూ. ఆయన నాకు ఏ వరసవుతాడో చెప్పు, ఊరుకుంటా."

ప్రకాశరావు చాలాసేపు ఆలోచించి, పక్కింటాయన అవుతాడన్నాడు.

కొండమ్మ ఒక్కదాని బాధే కాదది. గట్టు పొడుగునా అదే. దూరంగా ఉన్నన్నాళ్ళూ ఒకరినొకరు చూడగానే మొహాలు వెలిగిపోయే మనుషులు, తెల్లారి లేస్తే ఒకరి మొహం ఒకరు చూడాల్సొచ్చేసరికి పళ్ళు నూరుకున్నారు. ఎవరి మొగుడు ఎవరినేమన్నాడో సాయంత్రానికి వరస చివరిదాకా పాకేది, చివరికి చేరేసరికి చేసింది ఇంకొకడయ్యేది. వానాకాలంలో ఒక పిల్లకి వాంతులైతే అందరికీ అయ్యాయి. తగువులు తీర్చలేక చిన్నయ్య పెద్దరికం మానేసి చెవులు వినపడవని చెప్పుకున్నాడు.

అయినా అన్నీ చెడ్డవేనంటే అబద్ధం. పంపు పడింది. ఏసుపాదం మాస్టారు సైకిలు మీద వచ్చి రేకుల షెడ్డులో పిల్లలకి అక్షరాలు దిద్దించడం మొదలెట్టాడు. ఒక టీకొట్టు, దాని పక్కన టీ అనే పేరుతో ఇంకోటి అమ్మే కొట్టు వెలిశాయి. రేపల్లె బస్సు అక్కడిదాకా పొడిగించారు, కండక్టర్లు ఆ స్టాపుకి 'రొయ్యల లైను' అని పేరు పెట్టేశారు. ఎన్నికలొస్తే ఒక పెద్దమనిషి జీపు దిగి కొండమ్మకి చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. ఈయన ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదని ఆవిడ మాస్టార్ని అడిగింది. "మీరెక్కడుంటారో తెలిస్తేగా కొండమ్మా," అన్నాడు మాస్టారు. దణ్ణాలు కూడా వ్యాను లాంటివేనని, రోడ్డు లేనిచోటికి రావని అప్పుడు అర్థమైందావిడకి. కొండమ్మ స్టీలు బిందె కొనుక్కుంది, గోడకి పెట్టే అద్దం కొనుక్కుంది. గోడ లేదు గనక అద్దాన్ని తడికకే కట్టింది. వీరాస్వామి దగ్గినప్పుడల్లా అద్దంలో ఆవిడ మొహం వణికేది.

వీరాస్వామి రెండో పెళ్ళాం పేరు వరమ్మ. సూర్యలంక వైపు పిల్ల, కొండమ్మకంటే బాగా చిన్నది. మొదట్లో ఇద్దరూ పంపు దగ్గర బిందెలు కూడా తాకకుండా పెట్టుకునేవాళ్ళు. ఒకరోజు ఏటి ఒడ్డున ఇద్దరికీ బేసిన్లు పక్కపక్కనే పడ్డాయి. చాలాసేపు పిల్లని ఏరుకుంటూ కూర్చున్నాక వరమ్మే నోరు తెరిచింది.

"అక్కా, ఒక మాటడుగుతా. చేపల పులుసు నువ్వెట్టా పెడతావు?"

కొండమ్మ ఆల్చిప్ప ఎత్తింది. "ఎటకారమా?"

"కాదక్కా, నీమీదొట్టు. నేనేం వొండినా మా ఆయన ఏలు ముంచి నాకి, పైకి చూసి, 'కొండమ్మయితేనా...' అంటాడు. ఎనిమిదేళ్ళబట్టీ ఇదే. ఆ కొండమ్మయితే ఏం చేసుద్దో కనుక్కుందామని."

కొండమ్మ ముందు నోరెళ్ళబెట్టింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. వరమ్మకి ఎందుకో తెలియకపోయినా ఆవిడా నవ్వింది. సంగతి తెలిశాక ఇద్దరూ బురదలో వెనక్కి పడి నవ్వారు. బేసిన్లు రెండూ ఒరిగి ఆ పూట పట్టిన పిల్లంతా మళ్ళీ ఏట్లోకి పోయింది. రొయ్యపిల్లలకి వీరాస్వామి చేసిన ఒకే ఒక్క మేలు అది.

ఆడవాళ్ళిద్దరూ ఒకటయ్యాక మగాళ్ళు మాత్రం ఎందుకు ఊరుకుంటారు? వీరాస్వామీ చెంచురామయ్యా తడికలో కింద ఒక రంధ్రం చేసుకున్నారు. మొదట బీడీ అటూ ఇటూ వెళ్ళింది, తర్వాత గ్లాసు వెళ్ళింది. ఒక మధ్యాహ్నం కొండమ్మ ఏటినుంచి తొందరగా తిరిగొచ్చి, గుడిసె బయట తడిబట్టలు పిండుకుంటూ ఉంది. లోపల మాటలు వినపడుతున్నాయి.

"నువ్వు మంచోడివి కాబట్టి నెట్టుకొస్తన్నావ్ రామయ్యా," అంటోంది రంధ్రం అవతలి గొంతు. "నిజం చెప్పు. ఉప్పు కాస్త ఎక్కువేగా?"

గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఔను," అన్నాడు చెంచురామయ్య.

కొండమ్మకి కోపం రాలేదు, అదే ఆవిడకి ఆశ్చర్యం. పదేళ్ళుగా ఈయన ఔనన్న ప్రతి ఔనూ వరసగా గుర్తొచ్చి, వాటిల్లో తనకి చెందినవెన్నో, ఎదుట ఎవరున్నా అనేసేవెన్నో తెలియలేదు. అది కోపంకంటే కష్టంగా ఉంది. ఆ సాయంత్రం పులుసులో ఉప్పే వెయ్యలేదు. చెంచురామయ్య తిని, ఔనన్నాడు. ఆవిడ గిన్నెలు కడుక్కుంది.

తొంభై నాలుగు చివర్లో చెరువుల్లో రొయ్య తలమీద తెల్లమచ్చలు వచ్చాయి. పొద్దున ఈదుతున్న రొయ్య సాయంత్రానికి గట్టునానుకుని తేలేది. శేషగిరిరావు ముందు మందులు పోశాడు, తర్వాత సున్నం పోశాడు, ఆఖరికి పూజారిని పిలిపించి గట్టు చుట్టూ కుంకుమ నీళ్ళు చల్లించాడు. రొయ్యలకి కుంకుమ ఏమీ చెయ్యలేదు. దానికి తోడు బాపట్ల దగ్గర సముద్రపొడ్డున హేచరీలు వెలిశాయి, పెంచదలిచిన వాడికి పిల్ల తొట్లలోనే పుడుతోంది. వ్యాను వారానికోసారయింది, తర్వాత అసలు రాలేదు. రోడ్డు మీద చక్రాల చప్పుడైతే వరసంతా తలలు బయటపెట్టేది. ఎక్కువసార్లు అది ఏసుపాదం మాస్టారి సైకిలే.

కొండమ్మా వరమ్మా తెనాలి రైలెక్కారు. ప్రకాశరావునే అడిగి తేల్చుకుందామని. స్టేషన్లో దిగి, ఆటోలూ స్కూటర్ల మధ్యలోంచి ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, అడిగిన ప్రతివాడూ "అట్టా వెళ్ళండమ్మా," అంటూ తలో వైపు చూపిస్తే చివరికి ఊరి అంచున ఒక బీడు పొలంలో ఆయన్ని పట్టుకున్నారు. అక్కడ ముగ్గుపిండితో గీతలు గీయిస్తున్నాడు. గీతలు కలిసినచోటల్లా పసుపు రాళ్ళు పాతి ఉన్నాయి.

"కొండమ్మా! నువ్వా! రా రా," అన్నాడు ప్రకాశరావు, నిజంగానే సంతోషపడుతూ. "రొయ్య అయిపోయిందమ్మా. ఇప్పుడంతా ప్లాట్లే. ఇక్కడ ఇళ్ళొస్తాయి, అటు రోడ్డు, అదిగో అక్కడ పార్కు."

పార్కున్నచోట ఒక బర్రె పడుకుని ఉంది. కొండమ్మ గీతల వంక చూసింది. "ఈళ్ళకి కూడా గోడ ఒకటే కడతన్నావా బాబూ?"

"లేదమ్మా, వీళ్ళు గవర్నమెంటు ఉద్యోగులు. ఎవరి గోడ వాళ్ళకే." ఆయన కాస్త తటపటాయించి, గొంతు తగ్గించాడు. "నేను రాలేకపోయాను కొండమ్మా. వచ్చి ఏం చెప్పాలో తెలియలేదు. మీరు మళ్ళీ మీ దిబ్బలకి వెళ్ళిపోయి ఉంటారనుకున్నా. మీకదేం పెద్ద పని కాదుగా?"

కొండమ్మకీ ఆ మాట నిజమేననిపించింది. రైల్లో తిరిగి వస్తూ వరమ్మతో, "పోదాం పదే, ఎవరి దిబ్బకి వాళ్ళం," అంది. మర్నాడే వరమ్మని వెంటబెట్టుకుని బయల్దేరి, మొలలోతు పాయలు దాటి, తన పాత దిబ్బ ఉన్న వైపు వెళ్ళింది.

దిబ్బ లేదు.

అది ఉండాల్సిన చోట నలుచదరంగా గట్లు, గట్ల మధ్య పచ్చటి చచ్చునీళ్ళు, నీళ్ళలో రొయ్యలకి గాలి కొట్టడానికి పెట్టి, తుప్పుపట్టి ఆగిపోయిన చక్రాలు. మడచెట్లు కొట్టేసిన మోళ్ళు. ఆ పక్క దిబ్బా అంతే, దాని పక్కదీ అంతే. గుడిసెలు లేచిపోగానే గట్లు వచ్చేశాయి. ఖాళీగా ఉన్న నేలే కదా అని తవ్వుకున్నారు. ఖాళీ అయింది ఎందుకో కొండమ్మకి తెలుసు. తెల్ల బేసిన్‌లో ఆ చెరువుల కోసమే పిల్లని ఏరి ఏరి పంపింది తనే. గట్టు మీద కూలబడింది. నీళ్ళ మధ్యకి చెయ్యి చూపించి, "అదిగో, నా పొయ్యి ఉండేది అక్కడే," అంది. వరమ్మ అక్కడికి చూసింది. చూడటానికి ఏమీ లేదు. ఇద్దరూ ఎండ తలమీదికి వచ్చేదాకా కూర్చున్నారు.

లేవబోతుండగా కొండమ్మ కాలికింద గట్టు మెత్తగా కుంగింది. వంగి చూస్తే బొరియ. దాని పక్కన ఇంకోటి. తూము పలకలు విరిగిపోయి ఏటి పోటు చెరువులోకి వస్తూ పోతూ ఉంది. రొయ్యలు పోయిన ఇంట్లోకి పీతలు దిగాయి. ఆవిడ మడపుల్ల ఒకటి విరిచి బొరియలోకి పోనిచ్చి, కాసేపు ఓపిక పట్టి, అరచేతికంటే పెద్ద మండపీతని బయటికి లాగింది. అది ఆవిడ బొటనవేలు పట్టుకుంది. ఆవిడ దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదుగానీ, ఆ తిట్లు విని వరమ్మ, అక్క మళ్ళీ మనిషైందని ధైర్యపడింది.

సాయంత్రానికి కొండమ్మ గుడిసె పీకేసింది. గుంజలు, కప్పు, స్టీలు బిందె, అద్దం. ఆఖర్న మధ్య తడిక కూడా విప్పి చుట్టింది.

"అదేంటే! అది ఇద్దరిదీ!" అన్నాడు వీరాస్వామి, ఒక్కసారిగా వీధిన పడ్డ మంచం మీద లేచి కూర్చుంటూ.

"నీ సగం నువ్వు చిల్లు పెట్టుకున్నావుగా. ఆ చిల్లు నీకు ఒదిలేస్తన్నా, ఉంచుకో."

వరమ్మ కాసేపు గోడలేని గుడిసె మధ్యలో నిలబడి, మొగుడి వంకా రోడ్డు వంకా చూసి, తన దాక తనూ నెత్తినెత్తుకుని పిల్లలిద్దర్నీ పిలిచింది. చెంచురామయ్య, "నన్ను కూడా రమ్మంటావా?" అనడిగాడు. ఆయన ఒక ప్రశ్న అడగడం కొండమ్మ అదే వినడం. "నీ ఇష్టం," అంది. ఇష్టం అనేది ఎక్కడుంటుందో వెతుక్కోవడానికి ఆయనకి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు కుక్కని వెంటేసుకుని పాయ దాటి వచ్చి, గట్టు కింద నిలబడి, "ఉప్పు ఎక్కువే, కానీ నాకు అట్టానే ఇష్టం," అన్నాడు.

"అది ఆ రోజు చిల్లులోంచి చెప్పాల్సింది," అంది కొండమ్మ. అయినా కొంచెం జరిగి చోటిచ్చింది.

వారం తిరక్కుండా శేషగిరిరావు వచ్చాడు. ఆ చెరువు కౌలు ఆయనదే. మనిషి సగానికి సగం తగ్గిపోయి ఉన్నాడు. "ఎవరమ్మా నా గట్టు మీద గుడిసె వేసింది? అడగక్కర్లేదా?"

"అడుగుదామనే చూశామండి, తమరు కనపళ్ళేదు. రొయ్యలు చచ్చాక ఇటేపు మనిషే రాలేదుగదండి. చెరువుకి నీళ్ళు తోడే ఇంజను పైపులు రెండు ఇప్పటికే ఎవరో పీక్కుపోయారు."

శేషగిరిరావు ఇంజను వంక చూశాడు, గుడిసె వంక చూశాడు. ఇదివరకు ఎలుకల కోసం తను కబురంపితే వచ్చిన మనుషులే వీళ్ళు. "సరే, ఇంజను చూసుకుంటూ ఉండండి. పీతలు మీరు పట్టుకోండి," అని, వెళ్ళబోతూ ఆగి, ఇబ్బందిగా, "ఒక రెండు పెద్దవి ఇంటికి పంపించమ్మా," అన్నాడు.

మండపీతలకి తెనాలిలో గిరాకీ వచ్చింది. బతికున్న పీతకి గడ్డితాడుతో కొండ్లు కట్టి, బుట్టలో తడిగోనె కప్పి, కొండమ్మా వరమ్మా రైల్లో తీసుకెళ్ళేవాళ్ళు. పీత రొయ్యపిల్ల లాంటిది కాదు. ఎవరికోసమూ తొందరపడి చావదు. తెనాలి దాకా కోపంగా బతికే ఉంటుంది. అందుకని వీళ్ళు వ్యాను పక్కన కాపురముండే పని తప్పింది. అది చూసి ఇంకో నలుగురు గట్లెక్కారు, మిగతావాళ్ళు రోడ్డు దగ్గరే ఉండిపోయారు. వాళ్ళకి బస్సూ పంపూ బడీ అలవాటయ్యాయి. వీరాస్వామి టీకొట్టు పెట్టాడు. టీ బాగానే ఉండేదట. ఎవరైనా వంక పెడితే మాత్రం గ్లాసు లాగేసుకునేవాడట. తర్వాత సర్కారు వాళ్ళు అక్కడే కాలనీ కట్టారు. కొండమ్మకీ ఒక సిమెంటు ఇల్లొచ్చింది. బడికెళ్ళే రోజుల్లో వరమ్మ పిల్లలిద్దరూ అందులో ఉండేవాళ్ళు. వానలు మరీ జోరైతే ఆవిడా వెళ్ళి రెండు రోజులుండి, గాలాడక తిరిగొచ్చేసేది.

తొంభై ఎనిమిదిలో శేషగిరిరావు కౌలు వదులుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తూము బాగుచేయించి చేపలు వేస్తామన్నారు, గుడిసెలు తీసేయమన్నారు. వరమ్మ కాలనీకే పోతానంది, పిల్లలు ఎదిగొస్తున్నారు. ఇద్దరూ ఆ పొద్దంతా ఒకరి జుట్టు ఒకరు దువ్వుకుంటూ కూర్చున్నారు. కొండమ్మ అప్పటికే పెనుమూడి పక్కన కృష్ణ ఒడ్డున ఒక లంక చూసి పెట్టుకుంది. మంచినీటి చేప, కాస్త ఎత్తైన నేల.

ఈసారి పాయలు దాటి నడవాలంటే చెంచురామయ్య మోకాళ్ళు ఒప్పుకోలేదు. గుంజలూ తాటాకు చుట్టలూ రొయ్యల లైను స్టాపు దాకా మోసుకొచ్చి బస్సు టాపు మీదికి ఎక్కించారు. కండక్టరు దిగొచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇదంతా?"

"ఇల్లండి."

"ఇల్లు బస్సెక్కడమేంటమ్మా? నేనెక్కడా చూళ్ళేదు!"

"నేనూ చూళ్ళేదండి. రేపల్లెలో దిగి పెనుమూడి బస్సుకి మార్చుకోవాలి, కాస్త దించేటప్పుడు చెయ్యేద్దురుగాని."

"దీనికి లగేజీ టిక్కెట్టు కొట్టాలి. మనుషులెంతమంది?"

"ఇద్దరం," అని కొండమ్మ మొగుడి వంక చూసింది. ఆయన కోడిని చంకలో పెట్టుకుని, పాత కుక్క మనవణ్ణి సీటు కిందికి తోస్తున్నాడు.

"కుక్క కూడా ఉందా?" అన్నాడు కండక్టరు.

"లేదండి," అన్నాడు చెంచురామయ్య గట్టిగా, కుక్కకి అడ్డంగా కూర్చుంటూ.